రంగు కింది పగులు

కొత్తగా గోడౌను ఉద్యోగాల్లో చేరే కుర్రాళ్లు ర్యాంపు గురించి నన్ను అడిగే మొదటి ప్రశ్న, ఎంతకొస్తుందండీ అని. ఎన్ని టన్నులు మోస్తుందని అడిగినవాణ్ని ఇంతవరకూ చూడలేదు. వాళ్లను అనడానికి నాకేం హక్కుంది లెండి. మొదటిసారి నేనూ ధరే అడిగాను.

నేను కాకినాడ రేవులో చాలా ఏళ్లు పనిచేసి, శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు తెరిచిన ఏడాది హైదరాబాదు వచ్చాను. శంషాబాద్ దాటి కొత్తూరు వెళ్లే దారిలో, హైవే పక్కన మా యజమాని ఒక గోడౌను కట్టారు. ఆయనదీ మా వైపే. నన్ను మేనేజరుగా పెట్టుకున్నారు. 2014లో రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. నా ప్రమోషన్ల గురించి రాయను, వాటివల్ల ఎవరికీ ఉపకారం జరగలేదు. రిజిస్టర్ల గురించీ రాయను. ర్యాంపు గురించి రాస్తాను. దానివల్ల ఒక మనిషికి కాలు పోయింది. ఆ తప్పు అతనిదేనని కాగితం మీద రాసింది నేను.

బరువు

మా గోడౌను నేల రోడ్డుతో సమానంగా ఉండేది. కట్టినప్పుడే లారీ ఎత్తుకు అరుగు కట్టించి ఉంటే ఈ కథే లేదు. కంటైనరు ట్రైలరు మీద వస్తుంది. దాని లోపలి నేల మనిషి రొమ్ము ఎత్తున ఉంటుంది. అందులో సరుకు దించాలంటే హమాలీలు భుజాన మోయాలి, లేదా ఫోర్క్‌లిఫ్టు లోపలికి ఎక్కాలి. ఎక్కాలంటే వాలుగా ఒక ఇనుప వంతెన కావాలి. దానికి చక్రాలుంటాయి, ఏ ట్రైలరు దగ్గరికి కావాలంటే అక్కడికి లాక్కుపోవచ్చు. పై అంచు కంటైనరు నేల మీద ఆనుతుంది. రెండు పక్కలా చెవుల్లాంటి ఇనుప ముక్కలు వెల్డింగు చేసి ఉంటాయి. వాటికి గొలుసులు తగిలించి ట్రైలరుకు బిగిస్తారు. ర్యాంపంటే ఇంతే.

మొదటి ర్యాంపు కాటేదాన్‌లో ఒక షెడ్డులో చేయించాను. ఎంత బరువు సార్ అని ఆ వెల్డరు అడిగాడు. మా సరుకు ఎప్పుడూ మూడు టన్నులు దాటదు కదా, మూడు అన్నాను. మంచివాడు, నాలుగుకి చేసిచ్చాడు. మొదటిరోజే అది నులకమంచంలా మధ్యలో కుంగింది. ఫోర్క్‌లిఫ్టు సొంత బరువు నేను లెక్కలో వేయలేదు. మూడు టన్నులెత్తే బండి తానే నాలుగు టన్నులకు పైన తూగుతుంది. రేవులో అన్నేళ్లు పనిచేసినవాడికి ఆ మాత్రం తెలియదా అంటే, తెలుసు. కానీ మనసు ఎప్పుడూ సరుకు మీదే ఉంటుంది, సరుకు మోసేవాటి మీద ఉండదు. ఈ వృత్తిలో నేను చూసిన తప్పుల్లో సగానికి మూలం ఇదే.

ఆ రోజు ఎవరికీ దెబ్బ తగల్లేదు. అదే మా దురదృష్టం అనిపిస్తుంది ఇప్పుడు. అప్పుడే ఎవరికైనా చిన్న దెబ్బ తగిలుంటే బుద్ధి వచ్చేదేమో.

రేకు వద్దు

రెండోది పదిటన్నులది చేయించాను. బరువు సరిపోయింది, పైన మాత్రం నిండు రేకు పరిపించాను. గీతల రేకే, కొత్తలో పట్టు బాగానే ఉండేది. చక్రాలు తిరిగీ తిరిగీ అరిగి నున్నబడింది. ఆషాఢంలో ఒకరోజు జల్లు పడగానే బండి, ఎత్తుకున్న ప్యాలెట్‌తో, అంటే సరుకు పేర్చిన చెక్కపీటతో సహా కిందిదాకా జారి గోడను గుద్దింది. ఆ తర్వాత రేకు పీకించి, పళ్లున్న ఇనుప జాలీ వేయించాను. నీళ్లూ బురదా కిందికి కారిపోతాయి, చక్రానికి పట్టు దొరుకుతుంది. మీరు కొనేటప్పుడు ఎవరు ఎంత నచ్చజెప్పినా నిండు రేకు తీసుకోకండి.

పొడుగు తక్కువున్న ర్యాంపు చవగ్గా వస్తుంది. దాని వాలు నిటారుగా ఉంటుంది, ఎక్కే బండి కడుపు పై అంచున రాసుకుంటుంది. పొడుగున్నది కొంటే, దాని వెనక బండి తిరగడానికి చోటుందో లేదో ముందే చూసుకోండి. మెత్తటి మట్టిలో నిలబెట్టకండి. ట్రైలరు డ్రైవరు దగ్గర తాళంచెవి తీసుకుని మీ జేబులో వేసుకోండి. బండి ఇంకా లోపల ఉండగానే చాయ్ తాగొచ్చి ట్రైలరు కదిలించిన మహానుభావులున్నారు. తాళం అడిగితే డ్రైవర్లకు రోషం వస్తుంది, నన్ను దొంగనుకుంటున్నావా అంటారు. అననివ్వండి.

ఇవన్నీ చెబితే తెలిసే విషయాలే. ఇంక మిగిలింది చెబితే తెలిసేది కాదు.

యాదయ్య

మా ఫోర్క్‌లిఫ్టు నడిపేది యాదయ్య. శంషాబాద్ దగ్గర పల్లెవాడు, నలభై ఏళ్లుంటాయి. ఎయిర్‌పోర్టు రాకముందు ట్రాక్టరు నడిపేవాడట. ఏడో తరగతి దాకా చదివాడు. మనిషి మాట తక్కువ, పంతం ఎక్కువ.

అతనికొక అలవాటు. పొద్దున్నే బండి తీయకముందు చేతిలో పానా పట్టుకుని ర్యాంపు చుట్టూ తిరిగేవాడు. వెల్డింగు ఉన్న ప్రతిచోటా టంగుమని కొట్టి వినేవాడు. ఎక్కడైనా చప్పుడు తేడాగా వచ్చినా, కళ్లకు ఏదైనా కనబడినా, జేబులో సుద్దముక్క తీసి చుట్టూ గీత గీసేవాడు. ఆ గీత ఉన్నంతకాలం ఎవడు చెప్పినా బండి ఎక్కించేవాడు కాదు. బాగుచేయించాక తనే చూసి, తనే చేత్తో తుడిచేవాడు. ఈ పద్ధతి నేను నేర్పింది కాదు, ఏ పుస్తకంలోదీ కాదు, అతను పెట్టుకున్నదే. హమాలీలు అతన్ని గీతల యాదయ్య అని ఏడిపించేవాళ్లు. ఇంట్లో గోడల మీద కూడా గీస్తావా అంటే, గీస్తే మా సత్తెమ్మ చేతులిరగ్గొడతది అనేవాడు.

మా దగ్గర బండి నడిపినంతకాలం అతని చేతుల్లో ఒక్క ప్యాలెట్ పడలేదు. అది అతనికి గర్వం. పైకి చెప్పుకునేవాడు కాదు కానీ, ఎవడైనా బండి దూకుడుగా నడిపితే చూసే చూపులో తెలిసేది. నేను పనిచేసిన వాళ్లలో అంత నమ్మకమైన మనిషి ఇంకొకడు లేడు. ఆ నమ్మకానికి నేను చేసిన మర్యాద ఏమిటో చదవండి.

దసరా ముందు

ఎయిర్‌పోర్టు వచ్చిన మూడో ఏడాది దసరాకు మూడు రోజుల ముందు యాదయ్య నన్ను పిలుచుకుపోయి ర్యాంపు కుడివైపు చెవి చూపించాడు. వెల్డింగు పక్కన వెంట్రుకంత పగులు. చుట్టూ తెల్లగా గీత గీసి ఉంది.

"బండి బయటికొచ్చేటప్పుడు జోరంతా గీ చెవి మీదనే వడ్తది సార్. గిది తెగితే ర్యాంపు ఎన్కకు వోతది. నేనైతే ఎక్కియ్య" అన్నాడు.

అతను చెప్పింది అక్షరాలా నిజం. ఆ రోజు పని ఆపాను, అంతవరకు బాగానే ఉంది. కాటేదాన్ వెల్డరుకు ఫోను చేశాను. పండగ పని మీద ఉన్నాను, దసరా వెళ్లాక వస్తానన్నాడు. ఇంకొకణ్ని వెతకాల్సింది. వెతకలేదు. సెలవులేగా, ర్యాంపుతో పనేముందిలే అనుకున్నాను.

మా దగ్గర ఆయుధపూజ ఎలా చేస్తారో మీకు తెలియనిది కాదు. ఉన్న ప్రతి యంత్రాన్నీ కడగాలి, రంగులేయాలి, పసుపు కుంకుమ పెట్టాలి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి గుమ్మడికాయ కొట్టాలి. యజమాని కుటుంబంతో వస్తున్నారు. అన్నీ కొత్తవాటిలా కనబడాలని కబురొచ్చింది. నేను పెయింటరును పెట్టి ఫోర్క్‌లిఫ్టుకూ ర్యాంపుకూ పచ్చరంగు వేయించాను. వాడికి పాపం ఏం తెలుసు. సుద్దగీత మీద గుడ్డతో ఒక్క తుడుపు తుడిచి, పగులు మీద రెండు పూతలు వేశాడు. నేను పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఆ చెవి మీద కుంచె పోవడం నా కళ్లతో చూశాను.

పూజ బ్రహ్మాండంగా జరిగింది. ర్యాంపు పెళ్లికూతురిలా ఉందని యజమాని భార్య మెచ్చుకుంది.

తల ఊపాను

దసరా మర్నాడు పొద్దున్నే మూడు కంటైనర్లు వచ్చి నిలబడ్డాయి. యాదయ్య సెలవు నుంచి వచ్చాడు. పానా పట్టుకుని ర్యాంపు చుట్టూ తిరిగాడు. చెవి దగ్గర ఆగాడు. గీత లేదు, పగులు లేదు, కొత్త రంగు నిగనిగలాడుతోంది. టంగుమని కొట్టాడు. గట్టి రంగు మందంగా పట్టి ఉంటే చప్పుడు సరిగా తెలియదు. నా దగ్గరికొచ్చాడు.

"వెల్డింగ్ అయిందా సార్?"

నేను ఫోన్లో ఉన్నాను. సరుకువాళ్లు అవతల కేకలేస్తున్నారు. నేను తల ఊపాను.

ఫోన్లో ఉండి వినిపించుకోలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. విన్నాను. ఏం అడుగుతున్నాడో అర్థమైంది. మూడు కంటైనర్లే కదా, ఈ పూటకు ఆగుతుంది, సాయంత్రం వెల్డరును పిలుద్దాం అనుకున్నాను. అంతా కలిపి ఒక్క రెప్పపాటు. తల ఊపేశాను.

అతను రెండు గొలుసులూ తగిలించాడు. తగిలించి, ఎప్పటిలాగే ఒక్కోదాన్నీ లాగి చూశాడు. అది నేను గదిలోంచి చూశాను. మొదటి కంటైనరు ఖాళీ అయింది. రెండోదాంట్లో ఏడో ఎనిమిదో ప్యాలెట్. బరువుతో బండి వెనక్కి బయటికొస్తోంది. వెనక చక్రాలు ర్యాంపు మీదికి దిగిన క్షణాన చెవి ఊడింది. కుడివైపు ర్యాంపు జానెడు వెనక్కి జరిగింది, ఆ సందులోకి చక్రం దిగి బండి కుడిపక్కకు ఒరిగిపోయింది. యాదయ్య దూకబోయాడు. బండి పడితే దూకకూడదు, సీటుకు అతుక్కుని ఉండాలి. అందుకు బెల్టు కావాలి. మా బండికి బెల్టు లేదు, ఎవరూ అడగలేదు, నేనూ కొనలేదు. అతని కుడికాలు బండి పైకప్పు ఇనుప చట్రం కింద పడింది.

ఆ అరుపు గురించి రాయను. హమాలీలు ట్రైలరు జాకీలు తెచ్చి బండి ఎత్తడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ నేను అతని తల పట్టుకుని కూర్చున్నాను. తెలివి తప్పేముందు నా మొహంలోకి చూశాడు.

దవాఖానలో కాగితం

మోకాలి కింద తీసేశారు.

యజమాని ఆ సాయంత్రమే వచ్చారు. మంచీ చెడ్డా ఉన్న మనిషే, కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కన్నీళ్లు తుడుచుకున్నాక నన్ను పక్కకు పిలిచారు. "ర్యాంపుది తప్పని తేలితే మనం మునిగిపోతాం. గొలుసు తగిలించకుండా ఎక్కించాడని రాయండి. అతని ఖర్చు నేను చూసుకుంటాను" అన్నారు.

కాదనలేదు. ఆయన మాట కాదనలేక అని మీరనుకుంటే పొరపాటు. ర్యాంపుది తప్పని తేలితే పగులు సంగతి ఎవరికి తెలుసో కూడా తేలుతుంది. ఆ కాగితం యజమానిని కాపాడ్డానికి కాదు, నన్ను కాపాడుకోవడానికే రాశాను. దసరాకు తీరిక లేదన్న వెల్డరుకు ఆ సాయంత్రం తీరిక దొరికింది. ఊడిన చెవి మళ్లీ అతికించి, రంగు కూడా వేయించాను. గొలుసులు తగిలించి ఉండటం, చెవి ఊడటం నలుగురు హమాలీలు చూశారు. విచారణకు వచ్చినవాళ్లు వాళ్లను ఏమీ అడగలేదు. విచారణ రోజు వాళ్లకు సెలవిచ్చి పంపింది నేనే.

కాగితం పట్టుకుని దవాఖానకు వెళ్లాను. సత్తెమ్మ మందులకని కిందికి వెళ్లింది. ఆమె లేని సమయం చూసుకునే వెళ్లాను. యాదయ్య ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. చదివి కాగితం రొమ్ము మీద పెట్టుకున్నాడు.

"గొలుసు వెట్టలేదని రాసిండ్రు" అన్నాడు. "నేను వెట్టిన సార్."

సంతకం పెడితే దవాఖాన ఖర్చంతా యజమాని భరిస్తారని, గేటు దగ్గర కూర్చునే ఉద్యోగం ఇస్తారని, పెట్టకపోతే ఇన్సూరెన్సువాళ్లు మెలిక పెడతారని, అప్పుడు ఎవరూ ఏమీ చేయలేరని చెప్పాను. పగులు మాట అతను ఎత్తలేదు. నేను తల ఊపిన మాటా ఎత్తలేదు. ఎత్తితే ఏం చెప్పాలో దారంతా తయారు చేసుకుని వెళ్లాను, వృథా అయింది. పెన్ను అడిగి సంతకం పెట్టాడు.

గేటు ఉద్యోగం ఎనిమిది నెలలు సాగింది. తర్వాత ఖర్చులు తగ్గించాలని తీసేశారు. నేను యజమానితో పోట్లాడానని చెప్పుకోవచ్చు. ఒకసారి అడిగాను, అంతే. కొత్తూరు వైపు వేరే గోడౌన్లలో అడిగితే, గొలుసు వెయ్యకుండా బండెక్కించినవాడు మాకెందుకన్నారట. మాటకు కాళ్లెక్కువ. ఆ మాట పుట్టింది నా కాగితంలోంచే.

వాళ్లింటికి

రిటైరైన నెలలో మైలార్‌దేవ్‌పల్లిలో వాళ్ల కిరాయి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ఎందుకు అంతకుముందు వెళ్లలేదంటే, ఉద్యోగం పోతుందని. ఇంక పోయేదేమీ లేదు కనక ధైర్యం వచ్చింది. ఇలాంటి ధైర్యానికి విలువెంతో మీరే చెప్పండి.

ఆదివారం మధ్యాహ్నం. యాదయ్య గుమ్మం ముందు కుర్చీలో ఉన్నాడు, కర్రలు గోడకు ఆనించి ఉన్నాయి. నన్ను చూసి లేవబోయాడు. వద్దని, అక్కడే నిలబడి గొంతు తగ్గించి మొత్తం చెప్పేశాను. పగులు, రంగు, తల ఊపడం.

"గిది నాకు తెల్వనిదా సార్. గీత గీసింది నేనే గదా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. తర్వాత లోపలికి చూపించాడు. "నాకు చెప్పుడెందుకు. మా ఆమెకు చెప్పుండ్రి. మూడేండ్ల సంది నన్నే తిడుతున్నది, జర గొలుసు వెట్టుకుంటే ఏమయ్యేదని. నేను వెట్టిననే చెప్పిన. మరి దస్కతు ఎందుకు వెట్టినవ్ అంటది."

అతనితో చెప్పి తేలికపడి వెళ్లిపోదామని వచ్చినవాణ్ని. లోపలికి వెళ్లడం నా లెక్కలో లేదు.

సత్తెమ్మ కింద కూర్చుని గోంగూర ఆకు తెంపుతోంది. వారమంతా కాటేదాన్‌లో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుంది. నన్ను గుర్తుపట్టి, కూర్చోమని పీట జరిపింది. నేను కూర్చోలేదు. చెప్పాను. యాదయ్య దగ్గర చెప్పినంత సులువుగా రాలేదు. ఆమె ఆకు తెంపడం ఆపలేదు. దవాఖానలో ఆమె కిందికి వెళ్లిన సమయం చూసి వెళ్లానని చెప్పినప్పుడు మాత్రం చేయి ఆగింది.

ఆమె నన్ను శపిస్తే బాగుండునని అనుకున్నాను. లేచి, గూట్లోంచి పిల్లల నోటుపుస్తకం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది.

"గప్పుడు కాయితం మీద రాసిండ్రు గదా సార్. గిది కూడ కాయితం మీదనే రాసియ్యుండ్రి" అంది.

పీట మీద కూర్చుని రాశాను. ఉద్యోగంలో వేల కాగితాలు రాశాను గానీ ఆ ఒక్క పేజీకి చెమటలు పట్టాయి. రెండుసార్లు మాట మార్చి, పొరపాటు జరిగింది అని రాయబోయి కొట్టేశాను. పగులు నాకు తెలుసని, రంగు వేయించింది నేనని, అడిగితే తల ఊపింది నేనని రాశాను. యాదయ్య రెండు గొలుసులూ తగిలించాడు, లాగి చూశాడు, నేను చూశాను అని రాశాను. కింద సంతకం పెట్టాను.

సత్తెమ్మకు చదవడం రాదు. పేజీ చింపి మొగుడికిచ్చి, పైకి చదవమంది. అతను గుమ్మంలో కూర్చునే, దవాఖానలో చదివినట్టే కూడబలుక్కుంటూ చదివాడు. గొలుసుల దగ్గరికి వచ్చేసరికి ఆమె చేయెత్తి ఆపింది.

"గా మాట మళ్ల సదువు" అంది.

అతను మళ్లీ చదివాడు.